మొదటి చుక్క ఎవరిది? ఓరుగల్లు సీమలో కల్లు, కథ, మృతులు

ఇంగ్లండులోని యార్క్ నగరంలో 1973 నుంచి ఒక నడక సాగుతున్నది. సాయంవేళ ఊజ్ నది ఒడ్డున ఉన్న కింగ్స్ ఆర్మ్స్ అనే మద్యశాల దగ్గర జనం గుమిగూడుతారు. ఒక కథకుడు వారిని వెంటబెట్టుకొని పాత వీథులు తిప్పుతూ, ఆయా ఇళ్లలో చనిపోయి ఇంకా అక్కడే తిరుగుతున్నారని చెప్పుకొనే వారి కథలు వినిపిస్తాడు. అదే ఊళ్లోని గోల్డెన్ ఫ్లీస్ అనే పబ్బు తన దయ్యాల పేరుమీదనే ప్రసిద్ధి పొందింది. తరువాతి దశాబ్దాల్లో లండన్, ఎడిన్‌బరా, అమెరికాలోని సవాన్నా, న్యూ ఆర్లీన్స్ నగరాల్లో ఈ నడకకు తాగుడు తోడైంది. ఒక పబ్బులో ఒక గ్లాసు, ఒక దయ్యం కథ. అక్కడినుంచి ఇంకొక పబ్బు, ఇంకొక కథ. టిక్కెట్టు కొన్నవారికి భయం, మత్తు, చరిత్ర ఒకే పూటలో దొరికే ఈ పద్ధతి నేడు విహారవ్యాపారంలో స్థిరపడిన అంగడి సరుకు.

దీనిలోని వినోదాన్ని తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నడక, మద్యం, మృతుడు అనే మూడింటి కలయిక మన సాహిత్య, సాంఘిక చరిత్రల్లో ఏ రూపంలో ఉన్నదో పరిశీలించడం దీని లక్ష్యం. పరిశీలనకు ఎన్నుకొన్న ప్రాంతం జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు. 2016 అక్టోబరు 11న విడివిడి జిల్లాలైన ఈ ప్రాంతం అంతకు ముందు ప్రధానంగా ఒకే వరంగల్లు జిల్లా. ఇంకా వెనక్కి పోతే ఓరుగల్లు సీమ. ఈ సీమలో మద్యపానానికీ మృతులకూ ఉన్న సంబంధం కథకు మత్తు తోడు కావడంతో ఏర్పడినది కాదు. ఇక్కడ పాత్రలోని మొదటి చుక్క తాగేవాడిది కాదు, చనిపోయినవాడిది. ఆ చుక్కను సాక అంటారు. దుర్మరణం పాలైనవాడు దయ్యమవుతాడా, దేవర అవుతాడా, పాటలో వీరుడవుతాడా అన్నది అతనికి ఆ బాకీ ఎవరు, ఏ రూపంలో తీర్చారన్న దాన్ని బట్టి నిర్ణయమవుతుందని నా ప్రతిపాదన.

ముందుగా నడక సంగతి. నగరాన్ని కాలినడకన చూస్తూ, చూసిన ప్రతి చోటా ఒక కథ వింటూ పోవడం తెలుగువారికి కొత్త కాదు. క్రీడాభిరామం ఆసాంతం అటువంటి నడకే. గోవింద మంచనశర్మ, అతని మిత్రుడు టిట్టిభసెట్టి ఒక పగలంతా ఓరుగల్లు వీథులు తిరుగుతారు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం దీనికి మూలమన్నది తెలిసిందే. కృతికర్త వినుకొండ వల్లభరాయడా, శ్రీనాథుడా అన్న వివాదం 1909లో మానవల్లి రామకృష్ణకవి దీనిని ప్రకటించినప్పటి నుంచి పూర్తిగా సద్దుమణగలేదు. ఆ వివాదంలో పడి గ్రంథస్వభావాన్ని మనం తక్కువగా చర్చించామేమో అనిపిస్తుంది. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో దీనిని సాంఘికాధారంగా విస్తారంగా వాడుకొన్నారు. వస్త్రాలు, వేశ్యావాటిక, పూటకూళ్ల భోజనం, ఆటలు, వేడుకలు అన్నీ అందులో దొరుకుతాయి. అయితే ఆ ఇద్దరు మిత్రుల దారిలో ఎదురయ్యేవి సజీవుల వేడుకలు మాత్రమే కావు. పలనాటి వీరుల కథను ఒక స్త్రీ వాద్యం మీద పాడుతూ కనిపిస్తుంది. మైలారదేవుని భటుల ఒళ్లు గగుర్పొడిచే సాహసాలు కనిపిస్తాయి. కాకతమ్మ, ఏకవీర వంటి శక్తుల గుళ్లు దారి పొడుగునా ఉంటాయి.

పలనాటి వీరులు యుద్ధంలో మరణించినవారు. వారు మరణించిన నేలకు ఎంతో దూరాన ఉన్న ఓరుగల్లు వీథిలో వారి కథ పాడుతున్నారంటే, మృతుల కథ ఊరూరా తిరిగే వస్తువుగా అప్పటికే మారిందన్నమాట. బాటసారి ఆగి వింటాడు, తన దారిన తాను పోతాడు. ఈ మేరకు మంచనశర్మకూ యార్క్ యాత్రికునికీ పోలిక ఉన్నది. భేదం పాడే స్త్రీ పక్షాన ఉన్నది. ఆమెకు ఆ కథ కొలువులో భాగం. వినేవాని ఆనందం దానికి అనుబంధం. కావ్యం మిత్రుల కళ్లతో నడుస్తుంది గనుక కొలువు కనిపించదు, ప్రదర్శన మాత్రమే కనిపిస్తుంది. మన సాంఘిక చరిత్ర రచన కూడా చాలావరకు ఆ ఇద్దరు మిత్రుల కళ్లనే అరువు తెచ్చుకొన్నది. ఏకవీరను రేణుకగా, నేటి ఎల్లమ్మగా గుర్తించిన పరిశోధకులున్నారు. ఎల్లమ్మ కల్లుగీత వృత్తి చేసే గౌడుల ఇలవేల్పు. కావ్యంలో చూపు తాకి వదిలేసిన ఆ గుడి నుంచి సాక దాకా దారి ఉన్నది.

సాక అన్న మాట ఈ జిల్లాల్లో ఇంటింటి మాట. బోనం ఎత్తినప్పుడు వేపాకు, పసుపు కలిపిన నీళ్లు దేవత ముందర పోస్తే అది నీళ్ల సాక. కల్లు పోస్తే కల్లు సాక. కొత్తగా గీసిన కల్లు లొట్టి దించినా, విందులో సీసా మూత తీసినా, పెద్దవాళ్లు నాలుగు చుక్కలు నేల మీద వదిలిగాని నోట పెట్టుకోరు. ఈ చుక్కలు భూమికని కొందరు, ఎల్లమ్మకని కొందరు, చనిపోయిన పెద్దలకని కొందరు చెబుతారు. మూడు సమాధానాలకూ పొత్తు కుదరకపోవడం లేదు. తాగేవాని కంటే ముందు హక్కుదారు ఒకరున్నారన్నది మూడింటిలోనూ సమానం.

మరణకాండలో ఈ హక్కు మరింత స్పష్టం. మూడోనాడు పిట్టకు పెట్టేటప్పుడు చనిపోయిన వ్యక్తి బతికుండగా ఇష్టపడిన తిండి వండి పెడతారు. కల్లు అలవాటున్న మనిషైతే కల్లు కూడా పెడతారు. కాకి ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని, అదేమిటో ఒకరొకరుగా పేరు పెట్టి అడుగుతూ మాట ఇస్తారు. భాద్రపద అమావాస్యనాడు, అంటే పెత్రమాసకు, మాంసాహారులైన కులాల ఇళ్లలో పెద్దల పేరిట కల్లు, మాంసం పెట్టే ఆచారం ఉన్నది. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. పొద్దున పెద్దలు, మాపున పువ్వులు. శవయాత్రలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, చెవిలో మూడుసార్లు పిలిచి, పలకకపోతేనే ముందుకు కదులుతారు. మజిలీలతో కూడిన ఈ నడకకు డప్పు దారి చూపుతుంది. చనిపోయినవాడు ఇక్కడ శ్రోతలకు చెప్పే కథలోని పాత్ర కాడు, ఆ నడకలో తానూ ఒక పక్షం. అతనిని పిలుస్తారు, అడుగుతారు, బతిమాలుతారు.

పెద్దలు, దయ్యం అన్న రెండు మాటల మధ్య గీత ఇక్కడే పడుతుంది. కాలం తీరి చనిపోయి, పెట్టవలసినవి పెట్టించుకొన్నవారు పెద్దలు. కాలం తీరకముందే, బావిలో పడో, ఉరి వేసుకొనో, ప్రసవంలోనో, చెట్టు మీది నుంచి జారో పోయినవారు గాలి అవుతారు, దయ్యమవుతారు అన్నది జనవిశ్వాసం. ఈ జాబితాలో చెట్టు మీది నుంచి జారినవారికి మన చర్చలో ప్రత్యేక స్థానం ఉన్నది. యార్క్ పబ్బుల దయ్యాల్లో నగరాధికారులు, సైనికులు, పాత యజమానులు ఎక్కువ. తాటివనంలో తిరుగుతుందని చెప్పుకొనే దయ్యం ఆ కల్లు గీసినవాడే. తాగేవాడికి అది కథ. గీసేవాడికి అది రేపటి పొద్దు. మోకు, ముస్తాదు కట్టుకొని రోజుకు పలుమార్లు చెట్లెక్కి దిగే పనిలో జారిపడడం అరుదైన ప్రమాదం కాదు. కాటమయ్య అని పిలిచే కంఠమహేశ్వరునికి మొక్కకుండా గీత వృత్తివారు మోకు ముట్టరన్న మాట ఈ భయం నుంచి పుట్టిందే. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు చెట్టెక్కే భద్రతా సామగ్రిని పంచడం మొదలుపెట్టి దానికి కాటమయ్య రక్షణ కవచం అని పేరు పెట్టింది. ఆ పేరు పెట్టినవారు వృత్తి చరిత్రను బాగానే ఎరుగుదురు.

కల్లు మండువలో వినిపించే దయ్యం కథలను సేకరించేవారు ఈ సంగతిని మరవరాదు. మండువ అంటే వనంలో చెట్ల కింద కల్లు దించి పోసే చోటు. అక్కడ కూర్చున్నవాడు తలెత్తి చూస్తే కథలోని మనిషి పడిన చెట్టు కనిపిస్తుంది. అతని కొడుకో తమ్ముడో కల్లు పోస్తూ ఉంటాడు. అటువంటి చోట కథ చెప్పేవాడు గొంతు తగ్గిస్తాడు, కొన్ని పేర్లు దాటవేస్తాడు, మధ్యలో రెండు చుక్కలు నేల మీద వదులుతాడు. మన జానపద సేకరణల్లో కథ అచ్చవుతుంది, చుక్కలు అచ్చు కావు.

మండువ ఎల్లకాలం ఒక్కలాగే లేదు. నిజాం రాజ్యంలో ఆబ్కారీ ప్రధానమైన రాబడి మార్గాల్లో ఒకటి. 1316 ఫస్లీలో, అంటే 1906-07 ప్రాంతంలో, హైదరాబాదు ఆబ్కారీ చట్టం వచ్చింది. చెట్టుకు పన్ను, దుకాణానికి గుత్త, గుత్తేదారుకు హక్కు. చెట్టు గీసేవాడు తన చెట్టు మీది కల్లుకు తానే కూలివాడయ్యాడు. దీని మీద వెట్టి ఒకటి. దొరల గడీలకు గీతవృత్తివారు కొన్ని చెట్ల కల్లును ఊరకే పోయవలసి వచ్చేదని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్రలో నమోదు చేశారు. జనగామ ప్రాంతంలోని విసునూరు దేశ్‌ముఖ్ పాలనలో ఈ వెట్టి ఎంత ముదిరిందో, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య మరణంతో అది ఏ మలుపు తిరిగిందో మళ్లీ చెప్పనవసరం లేదు. ఇక్కడ నాకు ముఖ్యమైనది ఒకటే. మృతునికి పోయవలసిన మొదటి చుక్క కంటే ముందు దొరకు పోయవలసిన మొదటి కుండ వచ్చి చేరింది. సాకలో ఉన్నది ఇష్టంతో తీర్చే బాకీ, వెట్టిలో ఉన్నది కొరడా. రెండూ తాగేవాని కంటే ముందు పక్కకు తీయవలసిన కల్లే కావడం వల్ల, దొరను దయ్యంతో పోల్చే తిట్లు పోరాటకాలపు వాడుకలో అంత సహజంగా ఇమిడిపోయాయని నేననుకొంటాను.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చు. 1968 ఆబ్కారీ చట్టం, గుత్తలు, వేలాలు, సారా దుకాణాలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి పాకిన సారా వ్యతిరేకోద్యమం. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. ఈ మార్పుల్లో తాగుడు వనం విడిచి కాంపౌండు గోడల మధ్యకూ, అక్కడినుంచి వైన్‌షాపు ఇనుప జాలీ ముందుకూ చేరింది. సిమెంటు గచ్చు మీద సాక పోస్తే నేల పీల్చుకోదు. అయినా పోసేవారు పోస్తూనే ఉన్నారు.

ఇప్పుడు ఈ సీమకు చెందిన ఇద్దరు మృతులను పక్కపక్కన నిలిపి చూద్దాం. ఇద్దరివీ దుర్మరణాలే. జనవిశ్వాసం లెక్క ప్రకారం ఇద్దరూ దయ్యాలు కావలసినవారు.

మొదటిది సమ్మక్క. కప్పం కట్టలేదని కాకతీయ ప్రతాపరుద్రుని సైన్యం మేడారం మీదికి వచ్చినప్పుడు ఆమె భర్త పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు పోరులో మరణించారని, కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిచాడని, గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచిపోయి మాయమైందని, వెదికినవారికి పుట్ట దగ్గర కుంకుమ భరిణె మాత్రమే దొరికిందని కథ. శవం లేదు. దింపుడు కళ్లం లేదు, పిట్టకు పెట్టడం లేదు. మరణకాండ జరగని ఆ లోటునంతా రెండేండ్లకొకసారి మాఘ పున్నమికి జాతర పూరిస్తున్నట్టు నాకు తోస్తుంది. మేడారం 2016 నుంచి భూపాలపల్లి జిల్లాలోను, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లాలోను ఉన్నది. అయితే పగిడిద్దరాజు వచ్చేది మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి. పెనక వంశపు కోయ పూజారులు ఆయన పడిగెను ఎత్తుకొని అడవి దారిన కాలినడకన మేడారం చేరుస్తారు. సారలమ్మ కన్నెపల్లి నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి, చివరకు సమ్మక్క చిలకలగుట్ట నుంచి వస్తారు. కథలో విడివిడిగా చనిపోయినవారిని నడిపించుకొచ్చి ఒకచోట చేర్చే యాత్ర ఇది. డోలీల పడిగె కథలో వంశం, పోరు, చావు వరుసగా వినిపిస్తాయి. దారి చూపేవాడు ఉన్నాడు, కథ ఉన్నది, ఇప్పసారా సాక ఉన్నది. టిక్కెట్టు కొని వెంట నడిచే శ్రోత మాత్రం ఉండడు. వెంట నడిచేవారందరూ బాకీ ఉన్నవారే. నిలువెత్తు బంగారమని భక్తులు తూచి ఇచ్చే బెల్లమే మరొకచోట గుడుంబాకు ముడిసరుకు గనుక, జాతర రోజుల్లో బెల్లం అమ్మకాల మీద ఆబ్కారీ శాఖ ఒక కన్ను వేసి ఉంచుతుంది. దేవతకు పోయే తీపి ఎక్కడ ఆగి మత్తుకు పోయే తీపి ఎక్కడ మొదలవుతుందో తేల్చవలసిన పని ఒక ప్రభుత్వ శాఖ మీద పడింది.

రెండవది సర్వాయి పాపన్న. జనగామ జిల్లా ఖిలాషాపురం కోట అతనిది. కల్లుగీత కులంలో పుట్టి, ఆ పని వదిలి, దండు కూర్చి, 1708లో మొహర్రం రోజుల్లో ఓరుగల్లును కొల్లగొట్టాడు. 1709లో హైదరాబాదుకు వచ్చిన బహదూర్‌షాకు భారీ కానుక సమర్పించి ఖిల్లతు పొందాడు. ఆ మర్యాద ఎక్కువ కాలం నిలవలేదు. తాడికొండ ముట్టడి నుంచి గాయంతో తప్పించుకొని హసనాబాదు చేరిన పాపన్నను 1710లో పట్టించినవాడు ఒక కల్లుగీతవాడని మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ ఆధారంగా ఈటన్ వంటి చరిత్రకారులు రాశారు. చంపి, తలను బాదుషా దగ్గరకు పంపి, మొండేన్ని హైదరాబాదు దర్వాజాకు వేలాడదీశారు. సమ్మక్కకు శవమే దొరకలేదు; పాపన్న శవాన్ని రాజ్యం ముక్కలు చేసి నలుగురి కళ్లముందు పెట్టింది. రెండు సందర్భాల్లోనూ కుటుంబం చేతికి మనిషి రాలేదు. మరణకాండకు అడ్డుపడిన రాజ్యం సమ్మక్కను దేవతను చేసింది, పాపన్నను పాటను చేసింది. 1874లో బాయిల్ ఇండియన్ ఆంటిక్వరీలో తెలుగు వీరగాథల గురించి రాసేనాటికి పాపన్న చనిపోయి 160 ఏండ్లు దాటింది. ఆ పాట అప్పటికీ జనం నోట ఉన్నది. 1980లో వెల్చేరు నారాయణరావు, జాన్ రిచర్డ్స్ కలిసి రాసిన వ్యాసం పారశీక చరిత్రలోని బందిపోటునూ, పాటలోని వీరుణ్నీ ఎదురెదురుగా నిలబెట్టి చూపింది. ఆ తరువాత ఈ విషయం మీద వచ్చిన పరిశోధన అంతా ఆ రెంటి మధ్య ఎన్నిక చేయడంలోనే ఎక్కువ శ్రమ పడింది.

నా దృష్టి పట్టించిన కల్లుగీతవాని మీద ఆగుతుంది. గాయపడి వచ్చినవాడు తన కులపువాని దగ్గరికే చేరాడు. చరిత్రకారుని కథనంలో అది ద్రోహం. పాపన్న జయంతిని ఆగస్టు 18న ప్రభుత్వపరంగా జరుపుతున్న ఈ రోజుల్లో సభల్లో ఆ మనిషి ప్రస్తావన రాదు, రావలసిన అవసరమూ ఎవరికీ కనిపించదు. విగ్రహానికి పూలదండ వేస్తారు. దండ వేసే చేతులు చాలావరకు గీతవృత్తి చేతులే. ఆ చేతులే అంతకు ముందు పొద్దున చెట్టు మీద మోకు బిగించి ఉంటాయి, దిగి లొట్టిలోని కల్లు నాలుగు చుక్కలు మట్టిలో విడిచి ఉంటాయి. ఆ చుక్కలు ఎవరికని అడిగితే ఎల్లమ్మకంటారు, కాటమయ్యకంటారు, చెట్టు మీది నుంచి పడిపోయిన తాతకంటారు. పాపన్నకు దండ ఉన్నది, పాట ఉన్నది, ప్రభుత్వ ఉత్తర్వు ఉన్నది.

వారసత్వ నడకలు, కోటల విహారయాత్రలు మన జిల్లాల్లోనూ మొదలవుతున్నాయి. ఖిలాషాపురం బురుజు ఎక్కి సాయంత్రం వేళ పాపన్న కథ చెప్పే మార్గదర్శి రేపు వస్తాడు. కింద దుకాణంలో కల్లు దొరుకుతుంది కూడా. ఆ కథను రాసి ఇవ్వమని తెలుగు శాఖల్లో ఎవరినో అడుగుతారు. అప్పుడు రాసే ప్రతిలో కథ ఎక్కడ మొదలవుతుందన్నది నిర్ణయించవలసి వస్తుంది: గాయకుడు నోరు తెరిచిన చోటనా, అంతకు ముందు అతడు వంగి నేల మీద కల్లు వదిలిన చోటనా?